చెవిపోగులాయన రాయించిన కాగితం

నల్లావు నడిచొస్తే నేలంతా మెత్తన, ఎర్రావు ఎదురొస్తే... ఎర్రావు ఎదురొస్తే... ఏదో చల్లన. ఊళ్ళో చల్లన్నా, నీళ్ళు చల్లన్నా? చూశావా, నాలిక చివరిదాకా వచ్చి జారిపోతోంది. చిన్నప్పుడు పేడ ఎత్తుతూ పిల్లలందరం పాడేవాళ్ళం. తర్వాత చరణంలో దూడ ఏదో అడుగుతుంది, తల్లి ఏదో చెప్తుంది. ఏం అడిగిందో ఏం చెప్పిందో అరవై ఏళ్ళుగా వెతుక్కుంటూనే ఉన్నాను. సరే, పోనీ. ఏంటే ఆ కాగితం? కుక్కపిల్ల కోసమా? దానిక్కూడా దరఖాస్తా! ఏదీ, ఇలా తే. ఆ కళ్ళద్దాలు ఇటివ్వు. "యజమాని పేరు... జంతువు రంగు... టీకా వేయించిన తేదీ..." బాగానే అడిగారు. విసుక్కోకు తల్లీ, రాయి. ఏంటీ, మూరెడు కుక్కకి ఇన్ని గళ్ళా అంటావా? మూరెడు కుక్కకైనా నోట్లో పళ్ళుంటాయిగా. అయినా నువ్వు ఇలా నా ఎదురుగా కూర్చుని విసుక్కుంటున్నావంటే, అది ఇలాంటి కాగితమొకటి ఒకప్పుడు నేను రాయబట్టే. నవ్వకు. నిజంగానే. మా చెవిపోగులాయన సంగతి నీకెప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మ ముక్కా చెక్కా చెప్పి ఉంటుంది. అది మంచిది, అత్తగారి తప్పు ఉన్నచోటల్లా మింగేసి చెప్తుంది. పూర్తిగా నేనే చెప్పాలి.

ఆయన పశువుల ఆసుపత్రిలో ఇన్‌స్పెక్టరు. పేరు ఏదో ఉండే ఉంటుంది, ఆ ఆఫీసు బల్ల మీద చెక్క ముక్కకి కూడా రాసుండేది, నాకు అప్పుడు చదవడం రాదుగా. వీధి వీధంతా చెవిపోగులాయన అనేది. ఆవులకీ గేదెలకీ చెవి కుట్టి పచ్చ బిళ్ళ తగిలించేవాడు, బిళ్ళ మీద అంకెలు. ఆ అంకె ఆయన పుస్తకంలో ఉంటుంది, అది ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు టీకా వేశారు, ఎప్పుడు చూడి కట్టింది, అన్నీ. మనుషుల్ని నువ్వు అనేవాడు, పశువుల్ని మాత్రం మీరు అనేవాడు. సూది గుచ్చబోతూ, "అమ్మగారూ, కాస్త అటు జరుగుతారా, ఒక్క క్షణం, అయిపోయింది, అయిపోయింది" అని ఆవు చెవిలో చెప్పేవాడు. మా వదిన, అదే మీ తాతయ్య అక్కగారు, పక్క వాటాలోనే ఉండేది, ఆవిడ నోటికి తలుపుల్లేవు. "ఏమయ్యా, మా ఆవులన్నిటికీ పోగులు పెట్టావు, నాకెప్పుడు పెడతావు?" అంది ఒకసారి. ఆయన తలెత్తకుండానే, "పెడతానమ్మా, కానీ ఏడాదికి రెండుసార్లు టీకా వేయించుకోవాలి, ఊరు దాటితే నా దగ్గర కాగితం తీసుకోవాలి, ఒప్పుకుంటావా?" అన్నాడు. వదిన నోరు మూతపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఏం చెప్తున్నాను? ఆఁ, నల్లది. మీ తాతయ్య పోయాక నాకు మూడు ఆవులు. ఎర్రది, చుక్కది, ఇంటి పుట్టుక. నల్లది సంతలో కొన్నాను. అదీ మొదటి తప్పు. కొనేముందు పశువు ఆరోగ్యం కాగితం అడగాలి, రక్తం పరీక్ష చేయించాలి, చేయించి నెల్లాళ్ళు విడిగా కట్టాలి. ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. నేనేం చేశానంటే, దాని పొదుగు చూశాను. ఆ కళ్ళు చూశాను. అంతే, పలుపు పట్టుకుని ఇంటికి తోలుకొచ్చి మిగతా రెండిటి మధ్యన కట్టేశాను, కోడల్ని తెచ్చుకున్నంత సంబరంగా. మీ నాన్న అప్పుడు ఇటుకల బట్టీలో పని, వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మీ అమ్మా. పొద్దున్నే పదకొండు ఇళ్ళకి పాలు పోసేదాన్ని, బొటనవేలితో బతుకు ఈడ్చేదాన్ని. అర్థం కాలేదా? ఎక్కడ సంతకం అంటే అక్కడ వేలు వేసేదాన్నని.

నల్లది చూడి కట్టింది. ఏడో నెల నడుస్తోంది. ఒకరోజు తెల్లవారుతూనే కొట్టంలోకి వెళ్ళేసరికి, ఏం చెప్పను తల్లీ, దూడ నేల మీద ఉంది. వెంట్రుక కూడా సరిగ్గా రాలేదు. గొర్రెపిల్లంత బరువు. మాయ పడక ఆ తల్లి అటూ ఇటూ తిరుగుతోంది. నేను వట్టి చేతులతో లాగాను. తొడుగు లేదు, సబ్బు లేదు, ఏమీ లేదు. దూడనీ మాయనీ పెంటకుప్ప పక్కన మూరెడు లోతు గొయ్యి తీసి పూడ్చాను. పశువుకి చూడి పోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి చెప్పాలి, అది చట్టం, చెప్పకపోతే నేరం. నాకు తెలుసు. తెలీదనుకుంటే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు. చేతులు కడుక్కుంటూ బయల్దేరబోయాను కూడా. అప్పుడు వదిన గోడ మీంచి తల పెట్టి, "ఎక్కడికే?" అంది. చెప్పాను. "నీకేమన్నా మతి పోయిందా! చెప్తే వాళ్ళొచ్చి పాలు ఆపేస్తారు, కొట్టానికి తాళం వేస్తారు, వీధిలో తలెత్తుకోలేవు. ఆడ పశువన్నాక ఒక ఈత పోతుంది, ఒకటి నిలుస్తుంది. నోరు మూసుకుని లోపలికి పో" అంది. ఆవిడ మీదకి నెట్టడం లేదే. ఆవిడ అన్నది నాకు కావలసిన మాట, అందుకే చెవికెక్కింది. ఇష్టం లేని మాటైతే నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు, నీకు తెలుసుగా.

ఇంకో సంగతి. దూడ పోయినా నల్లదానికి పాలు దిగాయి. నేను మురిసిపోయాను, దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడని. మీ అమ్మకి అప్పుడు ఐదో నెల. నువ్వు లోపల. కడుపుతో ఉన్న పిల్లకి గుమ్మపాలు బలం అని మా అమ్మ చెప్పేది, వాళ్ళమ్మ చెప్పేది. పొదుగు కింద గ్లాసు పెట్టి, ధార ధారగా పిండి, వేడి ఆరకుండా, నురగ దిగకుండా, కాచకుండా చేతికిచ్చేదాన్ని. ఎవరివి? నల్లదానివే. వాటిల్లోనే వెన్న ఎక్కువ. ప్రేమగా ఇచ్చాను తల్లీ. రోజూ ఇచ్చాను. మీ అమ్మ మూతి మీద తెల్ల మీసం వచ్చేది, నేను నవ్వేదాన్ని.

ఇరవై రెండు రోజులు గడిచాయి. ఎర్రదాని దూడకి బిళ్ళ వేయడానికి ఆయన వచ్చాడు. వస్తూనే చేతులు కడుక్కున్నాడు, బూట్లు కడుక్కున్నాడు. ఒక కొట్టం మురికి ఇంకో కొట్టానికి మోయకూడదంటాడు, వాకిట్లోనే బూట్ల పండగ పెట్టేవాడు. దూడకి బిళ్ళ వేశాడు. సంచీ సర్దుకుంటూ నల్లదాని దగ్గర ఆగాడు. పొట్ట చూశాడు. పొదుగు చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్కేశాడు. "అమ్మగారికి ఎనిమిదో నెల ఉండాలే?" అన్నాడు ఆవుతోనే. "ఈనేసిందయ్యా" అన్నాను. "దూడేదీ?" "మా చెల్లెలికిచ్చాను." "ఎనిమిదో నెల నిండకుండా ఈనిందా? పుట్టిన దూడ అప్పుడే మీ చెల్లెలింటికి నడిచిపోయిందా? గట్టి దూడేనమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే భయం. కేకలేస్తే నేనూ కేకలేద్దును.

సరిగ్గా అప్పుడు మీ అమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అత్తయ్యా, ఇంకా పిండలేదా?" అంటూ. ఆయన గ్లాసు వంక చూశాడు. మీ అమ్మ పొట్ట వంక చూశాడు. ఆ మనిషి ముఖంలో రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. అయినా ఎంత మెత్తగా అడిగాడనుకున్నావు! "ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?" అన్నాడు. మీ అమ్మ సిగ్గుపడి, "బాగానే ఉందండీ. సాయంత్రమయ్యేసరికి కాస్త వెచ్చబడుతోంది, చెమట పోస్తోంది, కీళ్ళు లాగుతున్నాయి. కడుపుతో ఉంటే అంతేనంది పెద్దత్తయ్య" అంది. "అలాగా. ఆ గ్లాసు అక్కడ పెట్టి నాకు కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?" అని లోపలికి పంపించాడు.

పంపించి నా వైపు తిరిగాడు. "అమ్మా, చూళ్ళు పోయే రోగం ఒకటుంది పశువుల్లో. అంటురోగం. అది పచ్చిపాలల్లో మనిషికి దిగుతుంది. మాయ పట్టిన చేతుల్లోంచీ దిగుతుంది. ఆవుకి ఏం చేసిందో, కడుపుతో ఉన్న మనిషికీ అదే చెయ్యగలదు." అంతే అన్నాడు. నేను కుడితి తొట్టి అంచు పట్టుకున్నాను. గొయ్యి ఎక్కడ తీశానో చెప్పాను, ఎప్పుడో చెప్పాను, రోజుకి ఎన్ని గ్లాసులో చెప్పాను. ఆగకుండా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. అన్నీ విని, "ఇంకా పుస్తకం సంచీలోంచి తియ్యలేదు నేను" అన్నాడు. "చట్టం రెండు గళ్ళు పెట్టిందమ్మా. తనిఖీలో బయటపడింది, అదొకటి. యజమాని తనంతట తను చెప్పింది, అదొకటి. మొదటిదాంట్లో రాస్తే నీ మీద కేసు. రెండోదైతే కేసు లేదు. అబద్ధం నేను రాయను, నువ్వు చెప్పావు గనక చెప్పావనే రాస్తాను. కానీ ఆవు మాత్రం పోతుంది, పాలు ఆగుతాయి, ఆ రెండూ నా చేతిలో లేవు. కాగితం ఇప్పుడే కావాలి. అది పట్టుకెళ్తేనే పెద్దాసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారు. లేకపోతే మామూలు జ్వరమని మందుబిళ్ళ ఇచ్చి పంపేస్తారు."

"మీరే రాయండయ్యా, వేలు వేస్తాను" అన్నాను. "చట్టానికి వేలు సరిపోతుందమ్మా. కానీ రేపు మీ వదినగారే, ఆయన రాసుకుని నీచేత వేలు గుద్దించుకున్నాడంటారు. అప్పుడు నువ్వు చెప్పలేదనే అవుతుంది. నువ్వు రాయి." నాకు రాదే! యాభై రెండేళ్ళు నాకు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. కొట్టం తలుపు మీద, ఇంత పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటీ అరచేయంత, రాశాడు. నా మాటలే. నేను చెప్పినవే. రాసి, ఆ మెట్టు మీద కూర్చున్నాడు. నేను పెన్ను పిడికిట్లో పట్టుకుని, కొడవలి పట్టుకున్నట్టు, తలుపు చూస్తూ కాగితం మీద దించాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. చెమట చుక్క పడి ఒక అక్షరం అలుక్కుపోతే మళ్ళీ దిద్దాను. ఒకసారి కాగితం చిరిగింది, ఇంకోటిచ్చాడు. ఆయన ఒక్కసారి గడియారం చూడలేదు.

మొదటి వాక్యం, "నా నల్లావుకి చూడి పోయింది." రెండోది, "ఇరవై రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు." అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఈలోగా వదిన వచ్చింది, రాకుండా ఉంటుందా! "ఇదేం విడ్డూరమే, కాటికి కాళ్ళు చాపుకునే వయసులో ఓనమాలా!" అని నవ్వింది. తర్వాత తలుపు మీదున్నది ఎవరిచేత చదివించుకుందో ఏమో, నా చెవిలో దూరి, "పిచ్చిదానా, నీ చేత్తో నువ్వే ఉరితాడు పేనుకుంటున్నావు. పిల్లకి వేడి చేసుంటుంది, అంతే. ఆవు పోతే మళ్ళీ రాదు" అంది. నేను ఆయన్ని అడిగాను, "ఈ రెండో ముక్క వదిలేస్తే కాదా అయ్యా?" అని. "వదిలేసినా చెల్లుతుందమ్మా, నీ ఇష్టం. కానీ ఎన్నాళ్ళ నుంచి తాగుతోందన్నది డాక్టరుకి తెలియాలి. అది ఆ ముక్కలోనే ఉంది" అన్నాడు. రాశాను. వదిన చూస్తుండగానే రాశాను. మూడోది ఇంకా కష్టం. "దాని పాలు మా కోడలు తాగింది. నేనే ఇచ్చాను." మూడు అనుకుంటే నాలుగయ్యాయి చూడు. ఆ ఆఖరిది ముందు ఆయన తలుపు మీద రాయలేదు. నేనే అడిగి రాయించుకున్నాను.

తల తిప్పేసరికి మీ అమ్మ గుమ్మంలో ఉంది, మంచినీళ్ళతో. ఎప్పుడొచ్చిందో. ఆ పిల్లకి చదువొచ్చుగా, తలుపంతా చదివేసింది. నేను ఎన్ని తిట్లకైనా సిద్ధంగా ఉన్నాను. గ్లాసు ఆయన చేతికిచ్చి, నా దగ్గరికొచ్చి, నా చేతిలో పెన్ను తీసి కింద పెట్టి, "చెప్పులేసుకోండి అత్తయ్యా, వెళ్దాం" అంది. అంతే. మీ అమ్మని నేను ఎందుకు ఏమీ అననో, నువ్వెప్పుడూ అడుగుతావుగా.

రక్తం తీశారు. ఉంది. మీ అమ్మకీ ఉంది, నాకూ ఉంది. ఆ డాక్టరమ్మ నా కాగితం రెండుసార్లు చదివి, "ఇది లేకపోతే పశువుల సంగతి మేం అడిగేవాళ్ళమే కాదు" అంది. ఆరు వారాలు మాత్రలు. రోజూ పొద్దున్న నేనే లెక్కపెట్టి ఇచ్చేదాన్ని మీ అమ్మకి, ఇచ్చి నోరు తెరిచి చూపించమనేదాన్ని, పాపం. పెంటకుప్ప దగ్గర గొయ్యి ఆయన మళ్ళీ తవ్వించి, లోతుగా పూడ్పించి, సున్నం వేయించాడు. కొట్టం అంతా మందు నీళ్ళతో కడిగించాడు. నల్లదాన్ని తీసుకెళ్ళడానికి బండి వచ్చినరోజు... వద్దులే. ఆయన దాని చెవి పట్టుకుని, "అమ్మగారూ, తప్పు మీది కాదు" అన్నాడు. అది మాత్రం చెప్తాను. మిగతా రెండిటికీ మూడుసార్లు పరీక్ష చేశారు, లేదు. ఆ మూడు నెలలూ పాలు లేవు. ఇంకా నేను పదకొండు ఇళ్ళకీ తిరిగి చెప్పాలి. అది కూడా ఆయనే అన్నాడు, "వాళ్ళు తాగినవి నీ పాలు గనక నువ్వే చెప్పు, నోటీసు అంటిస్తే భయపడతారు, నువ్వు చెప్తే వింటారు." తిరిగాను. దర్జీ భార్య నా ముఖం మీదే తలుపేసింది. బడిలో పంతులమ్మ కూర్చోమని కుర్చీ వేసింది. అందరూ కాచుకునే తాగారట, నా అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ మొదటి చెంబు పాలు అడిగింది ఎవరనుకున్నావు? దర్జీ భార్యే. "చెప్పినదాని దగ్గరే కొంటాను, చెప్పనివాళ్ళు ఎంతమందో నాకేం తెలుసు" అంది.

నువ్వు పుట్టావు. నెలలు నిండి, మూడు కిలోలు, గొంతు మాత్రం ముప్పై కిలోలు. ఆయనకి కబురు చెప్తే, "మంచిది. పచ్చిపాలు పట్టకండి" అన్నాడు. తర్వాత కూడా నెలనెలా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తలుపు మీద రెండు కొత్త అక్షరాలు రాసిపోయేవాడు, నేను దిద్దేదాన్ని. పశువుల పుస్తకం నేనే రాసుకునే రోజు వచ్చింది. ఇప్పుడు నీ కాగితంలో తప్పులు పట్టేదాకా వచ్చింది. ఆఁ, ఆ గడి ఖాళీగా వదిలేశావు చూడు, టీకా తేదీ.

ఒకటి మిగిలిపోయింది. ఇంత జరిగినా, ఆయనకి నేను ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు. ఎదురుగా ఉంటే నోరు పెగిలేది కాదు. ఆయనా నిలబడే మనిషి కాదు, పశువు గురించి అడిగితే గంట చెప్తాడు, తన గురించి మాటొస్తే సంచీ సర్దుకుంటాడు. ఉద్యోగం అయిపోయాక ఊరి చివర చిన్న ఇంట్లో ఉండేవాడు. నీకు ఐదేళ్ళు. ఆయనకి ఒంట్లో బాగాలేదని తెలిసి, ఒక కాగితం మీద అంతా రాసుకున్నాను. నా అంతట నేను, ఎవరూ దిద్దిపెట్టకుండా, రెండు రోజులు రాశాను. నిన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు, చిక్కి సగమైపోయాడు, దుప్పటి కప్పుకుని. నిన్ను ముందు నిలబెట్టాను. నువ్వు ఆయన చేతికర్ర లాక్కున్నావు. నేను కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను, "అయ్యా, మీరు ఆ రోజు మెట్టు మీద కూర్చోకపోతే..." అని. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. సగం చదివాను. మంచి ముక్క దగ్గరికి వచ్చాను, ఈ పిల్ల మీ బిడ్డే అనుకోండి అని రాసిన చోటు. ఆయన చెయ్యి ఎత్తాడు, ఆగమన్నట్టు. ఏదో చెప్తాడు, నా జన్మకి చాలు అనుకున్నాను. ఆయన తల పక్కింటి గోడ వైపు తిప్పి, చెవి రిక్కించాడు. నాకేమీ వినపడలేదు మొదట. తర్వాత వినపడింది. కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, నా వైపు చూశాడు. అప్పుడు అడిగిందే ఆయన నాతో అన్న ఆఖరి మాట, ఆ వారమే పోయాడు.

"ఎవరిదమ్మా ఆ మేక? ఎన్నాళ్ళ నుంచి దగ్గుతోంది?"